స్కౌట్ మాస్టారు ఎవరి మనిషి?

మన ఊళ్లలో స్కౌట్ మాస్టరు అయ్యే తీరు చాలాచోట్ల ఒకటే. జూన్‌లో బడి తెరిచాక స్టాఫ్ మీటింగ్‌లో హెడ్మాస్టరు జాబితా చదువుతారు. లైబ్రరీ ఫలానా టీచరు, మధ్యాహ్న భోజనం ఫలానా టీచరు, మొక్కలు ఫలానా టీచరు, స్కౌట్స్... అని ఆగి చుట్టూ చూస్తారు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లో, వయసులో చిన్నవాళ్లో, కాదనడం చేతకానివాళ్లో ఎవరో ఒకరి మీద ఆ చూపు నిలుస్తుంది. సాయంత్రానికి ఆయన మగపిల్లల స్కౌట్ జట్టుకు స్కౌట్ మాస్టరు. టీచరమ్మ అయితే గైడ్స్ అనే ఆడపిల్లల జట్టుకు గైడ్ కెప్టెన్. కాగితాల మీద మాత్రం ఇద్దరూ తమంతట తాము ముందుకొచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలే.

ఆ రోజు నుంచి ఆయన మీద ముగ్గురికి హక్కు వస్తుంది. ఆగస్టు 15న వరసలు వంకర పోకూడదని హెడ్మాస్టరు అంటారు. ఫలానా తేదీలోగా ఇంతమందిని పరీక్షా శిబిరానికి పంపమని జిల్లా స్కౌట్ సంఘం అంటుంది. మా వాడికి రాష్ట్రపతి సర్టిఫికెట్ వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. అసలు ఎవరి కోసం ఈ ఏర్పాటు ఉందో ఆ పిల్లలు మాత్రం ఏమీ అడగరు, ఎండలో నిలబడతారు. స్కౌట్ నాయకత్వం గురించి మనకున్న అయోమయమంతా ఈ ముగ్గురి లాగుడులోంచే పుట్టింది.

ముందు ఒక సాధారణ గందరగోళం తీర్చేద్దాం. ఖాకీ కనిపించినా, ఈల వినిపించినా అన్నిటినీ ఎన్‌సీసీ అనేయడం మనకు అలవాటు. ఎన్‌సీసీ 1948 చట్టంతో వచ్చింది, రక్షణ శాఖ కింద నడుస్తుంది. అందులో బాధ్యత తీసుకున్న టీచరుకు హోదా ఉంటుంది, గౌరవ వేతనం ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎస్ అనే జాతీయ సేవా పథకం 1969లో గాంధీ శతజయంతి ఏడాది మొదలైంది, ప్రధానంగా కాలేజీ విద్యార్థులది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రభుత్వ శాఖ కానే కాదు, అదొక స్వచ్ఛంద సంఘం. ప్రభుత్వ సాయం అందుతుంది, విద్యాశాఖ అధికారులు దాని పదవుల్లో కనిపిస్తారు, అయినా సంఘం సంఘమే. స్కౌట్ మాస్టరుకు ర్యాంకు లేదు, జీతం లేదు. ఉండేదల్లా వారంట్ అనే నియామక పత్రం. అందుకు తగ్గట్టు చాలామంది స్కౌట్ మాస్టర్లు క్యాంపు చార్జీల్లో కొంత సొంత జేబులోంచే పెడతారు. ఖాకీ కూడా పాతమాటే. ఇప్పుడు స్కౌట్లది స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు.

ఈ సంఘం బడితో ఇంతగా ఎందుకు అల్లుకుపోయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన బేడెన్ పావెల్ సుమారు 20 మంది కుర్రాళ్లతో గుడారాలు వేశాడు. వాళ్లలో గొప్పింటి పిల్లలు చదివే బడుల వాళ్లున్నారు, పనివాళ్ల పిల్లలూ ఉన్నారు. వాళ్లను తోడేళ్లు, ఎద్దులు, కాకులు, కర్ల్యూ పక్షులు అని 4 జట్లుగా విడగొట్టి, ప్రతి జట్టుకూ ఒక కుర్రాణ్ణే నాయకుడిగా పెట్టాడు. రెండేళ్లకు, 1909లో, స్కౌటింగ్ బెంగళూరు చేరింది. కానీ మొదట అది తెల్లదొరల పిల్లలకూ ఆంగ్లో ఇండియన్లకే. భారతీయ కుర్రాళ్లకు జట్టు కట్టడం, దారి పసిగట్టడం, సంకేతాలు పంపడం నేర్పితే ఏమవుతుందో అన్న భయం అప్పటి పాలకులది. తలుపు మూసినప్పుడు మనవాళ్లు వేరే తలుపు పెట్టుకున్నారు. మద్రాసులో అనీబిసెంట్ భారతీయ బాలుర కోసం విడిగా సంఘం పెట్టింది. ఉత్తరాన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి సేవా సమితి స్కౌట్లను నిలబెట్టారు. ఈ ముక్కలన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. గర్ల్ గైడ్స్ 1951 ఆగస్టు 15న వచ్చి చేరారు.

బ్రిటన్‌లో స్కౌట్ జట్టు బడికి బయట ఉంటుంది. ఏ చర్చి హాల్లోనో, స్కౌట్ల సొంత షెడ్డులోనో వారానికో సాయంత్రం కలుస్తారు. నడిపేవాళ్లలో బ్యాంకు గుమస్తా ఉంటాడు, నర్సు ఉంటుంది, ప్లంబరు ఉంటాడు. మన దగ్గర పిల్లలు దొరికే చోటు బడి, మైదానం ఉండే చోటు బడి, చదువుకున్న పెద్దమనిషి ఉండే చోటూ బడే. అందుకని స్కౌటింగ్ బడి ఒడిలో పెరిగింది. కేంద్రీయ విద్యాలయాలకూ, నవోదయలకూ, రైల్వేకూ రాష్ట్రాలతో సమానంగా విడి శాఖలున్నాయంటే ఆ అల్లిక ఎంత బిగువో తెలుస్తుంది. దీనివల్ల లాభం చాలా జరిగింది, కాదనను. పల్లెల్లో ప్రభుత్వ బడి పిల్లలు జీవితంలో మొదటిసారి రైలెక్కి వేరే రాష్ట్రం చూసింది జాంబోరీ అనే స్కౌట్ల మహా సమావేశం వల్లనో అయిన సందర్భాలు కొల్లలు. నష్టం మాత్రం ఒకచోట గట్టిగా జరిగింది. పాఠం చెప్పే మనిషికే, పాఠం చెప్పకూడని పని అప్పగించాం.

ఆ పని ఏమిటి? స్కౌట్ విభాగంలో ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక పేట్రోల్. రెండు మూడు పేట్రోళ్లు, మహా అయితే నాలుగు కలిస్తే ట్రూప్. గైడ్స్‌లో దాన్నే కంపెనీ అంటారు. పేట్రోల్‌కు పిల్లల్లోంచే ఒక లీడరు. ఈ లీడర్లంతా కూర్చుని ట్రూప్ వ్యవహారాలు తేల్చుకునే సభ పేరు కోర్ట్ ఆఫ్ ఆనర్. హైక్‌కు, అంటే కాలినడక విహారానికి, ఎక్కడికి వెళ్లాలి, ఎవరు ఏం తేవాలి, క్రమశిక్షణ తప్పినవాణ్ణి ఏం చేయాలి అన్నీ అక్కడే. స్కౌట్ మాస్టరు ఆ సభలో ఉంటారు, సలహా ఇస్తారు. నిర్ణయం పిల్లలది. పద్ధతి ప్రకారం చూస్తే స్కౌట్ మాస్టరు నేరుగా నడిపించేది 32 మందిని కాదు, నలుగురు లీడర్లను. మిగతావాళ్లను ఆ నలుగురు నడిపిస్తారు.

వినడానికి తేలిక. చేయబోతే తెలుస్తుంది. ఊరి పక్క గుట్టకు ఆదివారం హైక్ అనుకోండి. అక్కడే వండుకుని తినాలి. ముందురోజు సాయంత్రం ఒక పేట్రోల్ లీడరు సామాన్ల జాబితా చూపించాడు. బియ్యం ఉంది, పప్పు ఉంది, నూనె ఉంది, అగ్గిపెట్టె ఉంది. ఉప్పు లేదు. టీచరు కన్ను క్షణంలో పట్టేస్తుంది, నోరు తెరుచుకోబోతుంది. ఆ నోరు మూసుకోవడమే స్కౌట్ మాస్టరు నేర్చుకోవాల్సిన మొదటి విద్య. రేపు మధ్యాహ్నం వాళ్లు చప్పిడి పప్పు తింటారు, పక్క జట్టు దగ్గరకు వెళ్లి గుప్పెడు ఉప్పు అడుగుతారు, ఆ లీడరు ఇక జన్మలో ఉప్పు మరిచిపోడు. అదే జాబితాలో తాగునీళ్లు లేకపోతే? వెంటనే చెప్పాలి, ఆ గుట్ట మీద మంచినీళ్లు దొరకవని తెలిస్తే తానే డబ్బాలు కూడా సిద్ధం చేయాలి. ఏ తప్పు జరగనివ్వాలి, ఏ తప్పు జరగనివ్వకూడదు అని తేల్చుకోగలగడం ఈ పదవికి అసలు అర్హత. ముడులు వేయడం ఎవరైనా నేర్పుతారు. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్ ఇప్పుడు ఫోన్‌లో చూసి కూడా పిల్లలు నేర్చుకుంటున్నారు.

బడి దీన్ని ఎలా తారుమారు చేస్తుందో చూడండి. బడికి నిశ్శబ్దం కావాలి, స్కౌటింగ్‌కి చర్చ కావాలి. బడికి తప్పు జరగకూడదు, ఇక్కడ కొన్ని తప్పులు జరిగి తీరాలి. పైగా మంత్రిగారొస్తే స్వాగత తోరణం దగ్గర నిలబడటానికి స్కౌట్లు, బడి వార్షికోత్సవంలో కుర్చీలు సర్దడానికి స్కౌట్లు. సేవ మంచిదే. మాలవీయ గారి కాలం నుంచీ మేళాల్లో యాత్రికులకు సాయపడటం మన స్కౌటింగ్‌కున్న గొప్ప సంప్రదాయం. కానీ సేవకూ వెట్టికీ తేడా ఒక్కచోట ఉంది. ఏం చేయాలో పిల్లలతో మాట్లాడి నిర్ణయించారా, లేక పై నుంచి ఫోన్ వస్తే పంపేశారా? జాతరలకూ పుష్కరాలకూ పిలుపు వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటిరోజు రాజమండ్రిలో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. ఒక్కసారిగా తోసుకొచ్చే జనం ముందు పెద్దలే నిలవలేరు. స్కార్ఫ్ కట్టుకున్న ఎనిమిదో తరగతి పిల్లవాడు తాడు పట్టుకుని ఏం ఆపగలడు? మంచినీళ్లు పంచే చోటా, తప్పిపోయినవాళ్ల సమాచార కేంద్రంలోనూ అతను బ్రహ్మాండంగా పనికొస్తాడు. ఘాట్ మెట్ల మీద పనికిరాడు. ఈ మాట పై అధికారికి చెప్పాల్సింది స్కౌట్ మాస్టరే, ఇంకెవరూ చెప్పరు.

ఇక శిక్షణ సంగతి. ఆసక్తి ఉన్న పెద్దవాళ్లు మొదట బేసిక్ కోర్సు చేయాలి. 7 రోజులు అక్కడే ఉండి చేసేది. విభాగాన్ని బట్టి కోర్సు మారుతుంది. కబ్‌లు, బుల్‌బుల్‌లు అనే చిన్న వయసు మగపిల్లలను, ఆడపిల్లలను చూసుకునేవాళ్లకు ఒకటి, స్కౌట్ గైడ్‌లకు ఒకటి, కాలేజీ వయసు రోవర్ రేంజర్లకు మరొకటి. ఆరేళ్ల పిల్లలు తమ నాయకుణ్ణి అకేలా అని పిలుస్తూ ఆటల్లో నేర్చుకుంటారు, పదమూడేళ్లవాళ్లకు ఆ ఆటలు చూపిస్తే నవ్వుతారు. అందుకే ఈ విభజన. బేసిక్ అయ్యాక తిరిగి వచ్చి కొన్ని నెలలు సొంత యూనిట్ నడపాలి, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సు, మళ్లీ యూనిట్‌లో పని, ఆపైన ఈ శిక్షణ పూర్తయిందనడానికి గుర్తుగా హిమాలయా వుడ్ బ్యాడ్జ్. జాతీయ స్థాయి శిక్షణకు మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కేంద్రం ప్రసిద్ధి.

బేసిక్ కోర్సులో జరిగే తమాషా బయటివాళ్లకు తెలియదు. అక్కడికి వెళ్లిన టీచర్లనే పేట్రోళ్లుగా విడగొడతారు. పాతికేళ్ల సర్వీసున్న లెక్కల మాస్టారు పొద్దున్నే ఈల వినిపించగానే పరుగెత్తాలి, గుడారం ముందు చిమ్మాలి, కర్రలు తాళ్లతో కట్టి గిన్నెలు పెట్టుకునే స్టాండు తయారుచేయాలి, తనకంటే ఇరవయ్యేళ్లు చిన్నదైన పేట్రోల్ లీడరు మాట వినాలి. మొదటి రెండ్రోజులు సణుగుడు వినబడుతుంది. ఆ తర్వాత వాళ్లే క్యాంప్ ఫైర్ దగ్గర గొంతెత్తి పాడతారు. చిన్నవాడుగా ఉంటే ఎలా ఉంటుందో ఒళ్లు మరిచిపోయి ఉంటుంది, దాన్ని ఒంటికే గుర్తుచేయడం ఆ వారం ఉద్దేశం. ఉపన్యాసాలతో అది రాదు.

వుడ్ బ్యాడ్జ్ పూర్తి చేసినవాళ్ల మెడలో తోలుతాడుకు రెండు చిన్న చెక్కపూసలు కనిపిస్తాయి. ఈ ఆనవాయితీ 1919లో లండన్ దగ్గర గిల్‌వెల్ పార్కులో మొదలైంది. జులూ రాజు దీనుజులు హారంలోవని చెప్పే పూసలను బేడెన్ పావెల్ అక్కడ శిక్షణ పొందినవాళ్లకు ఇచ్చాడు. శిక్షకులైతే మూడు, నాలుగు పూసలుంటాయి. ఆ పూసల చుట్టూ మన సంఘంలో కొంచెం కులగర్వం లాంటిది పెరిగిందని చెప్పక తప్పదు. నాలుగు పూసల వారు రాగానే రెండు పూసల వారు లేచి నిలబడటం, పూసలు లేనివారు వెనక వరసకు పోవడం చూస్తాం. పిల్లల ట్రూప్ నడిపి చాలా ఏళ్లయినవాళ్లు కూడా శిక్షకులుగా కొనసాగుతుంటారు. నా దృష్టిలో ప్రతి శనివారం 20 మంది పిల్లలతో మైదానంలో ఉండే పూసల్లేని స్కౌట్ మాస్టరు మాటకే ఎక్కువ విలువ.

పిల్లల మెట్లు వేరు. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి పురస్కారం. గవర్నరు, రాష్ట్రపతి పేర్లతో వచ్చే ఈ పత్రాలకు ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకునే గౌరవం ఉంది. ఇంకో విలువ కూడా ఉంది. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద ఏటా కొన్ని ఉద్యోగాలు భర్తీ చేస్తారు. రాష్ట్రపతి పురస్కారం గానీ హిమాలయా వుడ్ బ్యాడ్జ్ గానీ అందుకు అర్హత. ఈ కోటా తప్పని నేననను, ఏళ్ల తరబడి సేవ చేసిన కుర్రాడికి దారి దొరికితే సంతోషమే. అయితే దాని నీడ స్కౌట్ మాస్టరు సంతకం మీద పడుతుంది. ఒక్కో మెట్టుకూ మధ్య కొన్ని నెలల సాధన ఉండాలి, లాగ్ బుక్ రాయాలి, ప్రావీణ్య బ్యాడ్జీలు సంపాదించాలి. తొమ్మిదో తరగతిలో చేరి పదో తరగతిలోపు అన్నీ అయిపోవాలని ఒత్తిడి వచ్చినప్పుడు ఒకే చేతిరాతలో 16 లాగ్ బుక్కులు పుడతాయి. వంట రాని వంట బ్యాడ్జీలు, ఈదలేని ఈత బ్యాడ్జీలు పుడతాయి. మొదటిది నవ్వుకోవచ్చు. రెండోది చూసి ఎవరో ఒకరు ఆ పిల్లవాణ్ణి చెరువు దగ్గర నమ్మితే?

భద్రత విషయం పొడుగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో సరిపెడతారు. ప్రపంచంలో స్కౌటింగ్ నేర్చుకున్న అతి చేదు పాఠం పెద్దవాళ్ల గురించే. అమెరికాలోని స్కౌట్ సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. దశాబ్దాల కాలంలో నాయకుల చేతుల్లో లైంగిక హింసకు గురయ్యామంటూ 82,000 మందికి పైగా ముందుకొచ్చారు. పరిహారం కోసం 246 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అంతా చెడ్డవాళ్లని దాని అర్థం కాదు. పిల్లలతో ఒంటరిగా గడిపే అవకాశం, అడగనక్కర్లేని గౌరవం రెండూ కలిసే చోటును వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారని, సంస్థ పరువు కోసం నోరు మూసుకుంటే వాళ్లు అక్కడే ఉండిపోతారని అర్థం. ఇప్పుడు అక్కడ ఏ కార్యక్రమానికైనా 21 ఏళ్లు నిండిన ఇద్దరు నమోదిత పెద్దవాళ్లు ఉండాల్సిందే. ఏ పెద్దమనిషీ ఒక పిల్లవాడితో ఏకాంతంలో ఉండకూడదు, ఫోన్ సందేశాల్లో కూడా ఇంకో పెద్దవారు ఉండాలి. మన దేశంలో 2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి, దాచడమే నేరం. క్యాంపులో తెలిసిన విషయాన్ని హెడ్మాస్టరు గదిలో మాట్లాడి సర్దేయడానికి స్కౌట్ మాస్టరుకు హక్కు లేదు. గైడ్స్‌తో ఒక మాస్టారు ఒక్కరే రాత్రి క్యాంపుకు బయల్దేరకూడదన్నది చెప్పాల్సిన పనే లేదు, అయినా చెబుతున్నాను.

మంచి ఉద్దేశమున్నవాళ్ల నిర్లక్ష్యం కూడా ప్రాణం తీస్తుంది. 2018 ఆగస్టులో వేల్స్‌లోని గ్రేట్ ఓర్మ్ కొండ మీదకు స్కౌట్లను తీసుకెళ్లారు. వేరే దారిలో వెళ్లిన 16 ఏళ్ల కుర్రాడు అంచు నుంచి పడి చనిపోయాడు. 2024లో విచారణ జ్యూరీ అది నాయకుల వల్ల జరిగిన చట్టవిరుద్ధ మరణమని, స్కౌట్ సంఘం నిర్లక్ష్యం కూడా కారణమని తేల్చింది. ఉప్పు విషయంలో నోరు మూసుకోమన్నాను కదా, కొండ అంచు విషయంలో ఆ సూత్రం చెల్లదు. పిల్లలు తమంతట తాము నడవాలంటే, అంతకుముందే ఒకసారి స్కౌట్ మాస్టరు ఆ దారంతా నడిచి ఉండాలి. ఎక్కడ జారుతుంది, ఎక్కడ ఫోన్ సిగ్నల్ పోతుంది, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం అన్నవి ఆయన డైరీలో ఉండాలి. పక్కకు తప్పుకునే హక్కు ఈ పని చేసినవారికే వస్తుంది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు తల్లిదండ్రులది ఇంకో రకం కథ. అక్కడ బడి బాధ్యత తీసుకోదు. పిల్లవాణ్ణి కబ్ స్కౌట్స్‌లో చేర్చడానికి వెళ్తే, ఆ చిన్న బృందానికి డెన్ లీడరుగా ఎవరో ఒక తల్లో తండ్రో ఉండాలి. వారానికి గంట పనే అని చెప్పి ఒప్పిస్తారు, ఆ గంట మీద అక్కడ తరతరాల జోకులున్నాయి. నేపథ్య తనిఖీ, భద్రతా శిక్షణ అయ్యాక గానీ చేరనివ్వరు. మనవాళ్లు చేరాక శ్రద్ధలో లోటుండదు, ఎక్సెల్ షీట్లలో క్యాంపు మెనూ కూడా తయారవుతుంది. చిక్కు వేరేచోట వస్తుంది. అక్కడి పై మెట్టు ఈగిల్ స్కౌట్ అయితే కాలేజీ దరఖాస్తుకు బలమని ఎవరో చెప్తారు, దాంతో కొడుకు ప్రాజెక్టు నాన్న ప్రాజెక్టు అయిపోతుంది. ఇక్కడ టీచరు చేసే తప్పును అక్కడ తండ్రి చేస్తాడు.

మరి టీచరు కాని వ్యక్తి మన రాష్ట్రాల్లో స్కౌట్ మాస్టరు కాలేరా? కావచ్చు. బడికి సంబంధం లేకుండా కాలనీలోనో ఊళ్లోనో నడిపే ఓపెన్ గ్రూపులకు సంఘం నిబంధనల్లో చోటుంది. ఒక గ్రూపు కమిటీ, కలుసుకునే స్థలం, పిల్లలు, శిక్షణ పొందిన పెద్దవాళ్లు ఉంటే జిల్లా సంఘం దగ్గర నమోదు చేసుకోవచ్చు. చిన్నప్పుడు రాజ్య పురస్కార్ దాకా వెళ్లి ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ కొలువులోనో ఉన్నవాళ్లు, పదవీ విరమణ చేసినవాళ్లు దీనికి సరైన మనుషులు. కబ్‌ల విభాగానికి మహిళలు కూడా లేడీ కబ్ మాస్టర్లుగా రావచ్చు, చాలాచోట్ల ఆ విభాగం బతికి ఉన్నది వాళ్ల వల్లే. ఓపెన్ గ్రూపులు మన దగ్గర తక్కువగా ఉండటానికి కారణం నిబంధన కాదు, స్థలం. ఆదివారం ఉదయం రెండు గంటలు బడి మైదానం గేటు తెరిచే హెడ్మాస్టరు దొరికితే సగం పని అయినట్టే.

టీచర్లయితే బేసిక్ కోర్సుకు పేరిచ్చేముందు హెడ్మాస్టరుతో కూర్చుని మూడు సంగతులు తేల్చుకోవడం మంచిది. వారంలో ఏ పీరియడ్ స్కౌట్లది, దాన్ని పరీక్షల ముందు కూడా లాక్కోరు కదా అన్నది ఒకటి. బందోబస్తుకూ స్వాగతాలకూ పిలుపొస్తే కాదనే స్వేచ్ఛ తనకుందా అన్నది ఇంకొకటి. క్యాంపుకు తనతో పాటు వచ్చే రెండో పెద్దవారు ఎవరన్నది మూడోది. మొదటి రెండింటికీ సూటి జవాబు రాకపోయినా మొదలుపెట్టవచ్చు, పోను పోను సర్దుకుంటాయి. మూడోదానికి పేరు చెప్పలేకపోతే మాత్రం ఆ ఏడాది పిల్లల్ని సాయంత్రం ఐదింటికల్లా ఇళ్లకు పంపేసే హైక్‌లతోనే సరిపెట్టండి.